డీటీఎం రివ్యూ: పేరు అడక్కుండా కోట్ల మందిని లెక్కపెట్టే సైటు

ఫ్రీగా దొరికే సైటుకి రివ్యూ ఎందుకు అనుకోకండి. ఎక్కడైనా యుద్ధమో భూకంపమో వచ్చాక టీవీలో కింద "ఇన్ని లక్షల మంది నిరాశ్రయులు" అని పట్టీ తిరుగుతుంది చూడండి, ఆ నంబర్ చాలాసార్లు పుట్టేది ఇక్కడే. పూర్తి పేరు డిస్‌ప్లేస్‌మెంట్ ట్రాకింగ్ మ్యాట్రిక్స్, వాడేవాళ్లంతా డీటీఎం అనే అంటారు. నడిపేది ఐఓఎం, అంటే జెనీవాలో ఉండే ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ. 2004లో ఇరాక్‌లో మొదలుపెట్టారు, తర్వాత హైతీ, నైజీరియా, సుడాన్, ఉక్రెయిన్, అఫ్ఘానిస్తాన్, యెమెన్ ఇలా పదుల దేశాలకి పాకింది. నేను మ్యాపులు, గ్రాఫులు గీసే పని చేస్తాను కాబట్టి దీన్ని తరచుగా తెరుస్తుంటా. రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి 4. ఆ నాలుగు ఎందుకిచ్చానో ఆ ఒక్కటి ఎందుకు కోశానో రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

ముందు ఒక విషయం క్లియర్‌గా పెట్టుకోవాలి, ఇది మనుషుల్ని వెంటాడే సిస్టమ్ కాదు, చోట్లని లెక్కపెట్టే సిస్టమ్. ఫీల్డ్‌లో ఎన్యుమరేటర్లు, అంటే తిరిగి వివరాలు రాసుకొచ్చేవాళ్లు ఉంటారు, ఎక్కువగా ఆ ప్రాంతం వాళ్లే. వాళ్లు ఒక్కో ఊరికి, ఒక్కో బస్తీకి, ఒక్కో క్యాంపుకి వెళ్లి అక్కడి సంగతులు తెలిసినవాళ్లని పట్టుకుంటారు, ఊరి పెద్ద కావొచ్చు, స్కూల్ టీచర్ కావొచ్చు, క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి కావొచ్చు, క్యాంపు కమిటీ మనిషి కావొచ్చు. ఎన్ని కుటుంబాలు వచ్చాయి, ఎక్కడినుంచి, ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ పడుకుంటున్నారు, చుట్టాలింట్లోనా స్కూల్ బిల్డింగ్‌లోనా కట్టడం ఆగిపోయిన ఇంట్లోనా, మంచినీళ్లు ఎంత దూరం, మరుగుదొడ్లు ఉన్నాయా, పిల్లలు బడికి పోతున్నారా, ఇవన్నీ అడుగుతారు. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లతో సరిచూస్తారు. కొన్నాళ్లకి మళ్లీ అదే చుట్టు, అందుకే రిపోర్టుల మీద రౌండ్ నంబర్ ఉంటుంది.

మరి కుటుంబాల లెక్క మనుషుల లెక్క ఎలా అవుతుంది? ఇక్కడే చాలామంది చూడకుండా దాటేస్తారు. ఇరాక్‌లో కుటుంబాల సంఖ్యని 6తో గుణిస్తారు, అంతే. అక్కడి ప్రభుత్వ గణాంకాల ప్రకారం సగటు కుటుంబం అంత అని. పెళ్లి వంట మేస్త్రీ "ఎన్ని గడపలు పిలిచారు" అని అడిగి బియ్యం లెక్క కట్టేస్తాడు కదా, సరిగ్గా ఆ పద్ధతే. మేస్త్రీ లెక్క తప్పదు, కాకపోతే అది ఒక్కో పేరు రాసుకున్న లెక్క కాదని అతనికీ తెలుసు మనకీ తెలుసు. మనవాళ్లు మాత్రం ఆ నంబర్ తీసుకొచ్చి చివరి అంకె దాకా స్లైడ్ మీద వేస్తారు, ఓటర్ల లిస్టు లెక్కిచ్చినంత ధీమాగా. అంచనా అని వాళ్లు రాసిన మాట కాపీ అయ్యేలోపు రాలిపోతుంది.

ఇరాక్ డేటాలో నాకు బాగా నచ్చింది, బాగా ఇబ్బంది పెట్టింది ఒకటే సంగతి. 2014 నుంచి ఐసిస్ గొడవలో దాదాపు 60 లక్షల మంది ఇళ్లొదిలేశారు, తర్వాత ఎక్కువమంది తిరిగొచ్చారు, పది లక్షల చిల్లర మంది ఏళ్లు గడిచినా ఇంకా బయటే ఉండిపోయారు. తిరిగొచ్చినవాళ్లు అంటే ఎవరు అన్నదానికి డీటీఎం ఇచ్చిన నిర్వచనం చదవండి, సొంత ప్రాంతానికి వస్తే చాలు, పాత ఇంట్లోకి వెళ్లారా ఇంకో చోట తల దాచుకున్నారా అన్నది దాంతో సంబంధం లేదు. అంటే మోసుల్‌లో ఇల్లు కూలిపోయి రెండు వీధుల అవతల అద్దెకుంటున్న కుటుంబం కూడా తిరిగొచ్చినట్టే. నిర్వచనం తప్పని నేననను, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. కానీ మంత్రులు "ఇంతమంది ఇళ్లకి చేరారు" అని చెప్పుకోడానికి ఇంతకంటే సులువైన నంబర్ దొరకదు. ఆ మాటకొస్తే డీటీఎం వాళ్లకీ ఆ సంగతి తెలుసు, అందుకే ఇరాక్ టీమ్ రిటర్న్ ఇండెక్స్ అని ఇంకోటి పెట్టింది, తిరిగొచ్చిన చోట ఉపాధి ఉందా, ఇళ్లు ఏ స్థితిలో ఉన్నాయి, పక్కవాళ్లతో గొడవలున్నాయా, భద్రత ఎలా ఉంది అని చూసి ఊరూరికీ స్కోర్ ఇస్తుంది. యజీదీ అనే మైనారిటీ మతస్థుల సొంత ప్రాంతం సింజార్ వైపు ఆ స్కోర్లు చూస్తే వాళ్లు ఏళ్ల తరబడి క్యాంపుల్లోనే ఎందుకు ఉండిపోయారో వేరే వ్యాసం చదవక్కర్లేదు. నన్నడిగితే మొత్తం డీటీఎంలో అన్నిటికంటే తెలివైన పని ఇదే, కానీ టీవీల్లో దీని ఊసే రాదు, ఎందుకంటే పట్టీలో పెట్టడానికి ఒక్క పెద్ద నంబర్ ఉండదు కాబట్టి.

హైతీలో కూడా ఇదే కథ. 2010 జనవరి 12 భూకంపం తర్వాత ఆ ఏడాది మధ్యకి 15 లక్షల మంది, 1,500కి పైగా క్యాంపుల్లో ఉన్నారు. ఆ తర్వాత రౌండ్ రౌండ్‌కీ గ్రాఫ్ కిందికి దిగుతూ పోయింది, చూస్తే అబ్బ ఎంత బాగా కోలుకున్నారు అనిపిస్తుంది. కానీ క్యాంపు ఖాళీ అవ్వడానికి ఇల్లు దొరకడం ఒక కారణం అయితే, స్థలం ఓనర్లు వెళ్లగొట్టడం ఇంకో కారణం. దిగే గీత రెండిటికీ ఒకేలా దిగుతుంది.

సుడాన్ దగ్గరికొద్దాం. 2023 ఏప్రిల్ 15న ఆర్మీకీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైనప్పుడు మనకి గుర్తున్నది ఆపరేషన్ కావేరి ఒక్కటే, పోర్ట్ సుడాన్ నుంచి జెద్దాకి నేవీ ఓడలు, ఎయిర్‌ఫోర్స్ విమానాలు, 3,800 మందికి పైగా మనవాళ్లు బయటపడ్డారు, అంతటితో మన చానెళ్లు ఆ దేశం పేరు మర్చిపోయాయి. ఆ తర్వాత అక్కడేం జరిగిందో వారం వారం చెప్పినవాటిలో డీటీఎం ముఖ్యమైంది. 18 రాష్ట్రాలు, అన్నిచోట్లా నిర్వాసితులే. 2025 జనవరికి దేశం లోపలే చెదిరిపోయినవాళ్లు కోటి 15 లక్షలు దాటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ నాలుగైదు పెద్ద జిల్లాలో పూర్తిగా ఖాళీ అయినంత మంది అన్నమాట. ఆర్మీ రాజధాని ఖార్టూమ్, అల్ జజీరా రాష్ట్రం వైపు మళ్లీ పట్టు తెచ్చుకున్నాక జనం వెనక్కి మళ్లడం మొదలైంది, అదే ఏడాది చివరికల్లా తిరిగెళ్లినవాళ్లు 25 లక్షలు దాటారు, ఆ లెక్కా ఇందులోనే ఉంది.

ఇంకా దగ్గరగా చూడాలంటే సుడాన్ పడమటి వైపు దార్ఫూర్‌లోని ఎల్ ఫాషర్ నగరం. 2025 ఏప్రిల్‌లో పక్కనే ఉన్న జంజం క్యాంపు మీద దాడి జరిగినప్పుడు వీళ్లు "60 నుంచి 80 వేల కుటుంబాలు" అని రేంజ్ ఇచ్చారు, ఒకే నంబర్ ఇవ్వలేదు, ఇది నాకు చాలా నచ్చింది. అక్టోబర్ 26న నగరమే ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయింది. అప్పటికి లోపల సుమారు 2 లక్షల 60 వేల మంది చిక్కుకుని ఉన్నారని ఐరాస అంచనా. మొదటి రెండు రోజుల్లో 26 వేల మంది బయటపడ్డారని డీటీఎం చెప్పింది, చాలామంది కాలినడకన, పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని తవీలా దిక్కుగా. కానీ మొదటి రోజుల్లో తవీలా చేరినవాళ్లు కొన్ని వేలే. మామూలుగా నిర్వాసితుల నంబర్ పెరిగితే జనం భయపడతారు, ఇక్కడ నంబర్ తక్కువ ఉండటమే భయపెట్టింది, మిగతావాళ్లు దారిలో ఏమయ్యారు, అసలు బయటికి రానిచ్చారా అని. దాని జవాబు లెక్కల్లో ఉండదు, కానీ రావాల్సినవాళ్లు రాలేదు అన్న ప్రశ్న లేవడానికి చేరిన చోట ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెడుతూ ఉండాలి. నాలుగు మార్కుల్లో రెండు దీనికే.

ఉక్రెయిన్‌లో పద్ధతి పూర్తిగా వేరు. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక ఊరూరూ తిరగడం కుదరక ఫోన్ సర్వే పెట్టారు, ర్యాండమ్‌గా మొబైల్ నంబర్లు డయల్ చేసి 2,000 మంది పెద్దవాళ్లతో మాట్లాడి దేశం మొత్తానికి అంచనా కట్టారు. మార్చి మధ్యకి దాదాపు 65 లక్షలు, మే కల్లా 80 లక్షలు. రెండు వేల ఫోన్లతో ఎనభై లక్షలా అని వెక్కిరించేవాళ్లని చూశా, మన ఎగ్జిట్ పోల్స్ చూసి చూసి సర్వే అంటేనే నమ్మకం పోయింది పాపం. శాంపిల్ సరిగ్గా తీస్తే ఇది చెల్లుతుంది, కాకపోతే ఫోన్ లేనివాళ్లు, సిగ్నల్ పోయిన ఊళ్లు, ఎత్తి మాట్లాడటానికి భయపడేవాళ్లు జారిపోతారు. ఈ ఫోన్ల దారి ఇంకో రకంగా కూడా ఉంది, హైతీ భూకంపం తర్వాత స్వీడన్ పరిశోధకులు డిజిసెల్ కంపెనీ దాదాపు 19 లక్షల సిమ్‌లు ఏ టవర్ల కింద తిరిగాయో చూసి రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి 6 లక్షల 30 వేల మంది బయటికి వెళ్లారని లెక్క తేల్చారు. ఎవరినీ అడక్కుండానే. స్పీడ్ అదిరింది గానీ, వాళ్లకేం కావాలి, ఎందుకెళ్లారు అన్నది సిమ్ చెప్పదు, అది డీటీఎం ఎన్యుమరేటర్ చెప్తుంది.

ఇక ఫ్లో మానిటరింగ్ అని ఒక భాగం ఉంది, సరిహద్దుల దగ్గర, బస్టాండ్లలో, లారీలు ఆగే చోట్ల మనుషులుండి వచ్చేపోయేవాళ్లని లెక్కపెడతారు, కొంతమందిని ఆపి ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ పనికి అని అడుగుతారు, పేరు రాసుకోరు. ఇది చదివినప్పుడల్లా నాకు 2020 లాక్‌డౌన్ గుర్తొస్తుంది. దేశంలో మొదటి శ్రామిక్ స్పెషల్ రైలు మన లింగంపల్లి నుంచే బయల్దేరింది, మే 1న, జార్ఖండ్‌లో హటియాకి, సుమారు 1,200 మందితో. మొత్తమ్మీద కోటీ నాలుగు లక్షల మందికి పైగా సొంత రాష్ట్రాలకి వెళ్లారని ఆ సెప్టెంబర్లో పార్లమెంటులో చెప్పారు, దారిలో ఎంతమంది చనిపోయారంటే డేటా లేదన్నారు. ఆ తర్వాత 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది, ఆధార్‌తో 30 కోట్ల మందికి పైగా నమోదు. మంచిదే, కానీ అందులో మనిషి పేరు, ఆధార్, బ్యాంకు అకౌంటు ఉంటాయి, ఇవాళ ఆ మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో తానొచ్చి మార్చుకుంటే తప్ప దానికి తెలీదు. డీటీఎం సరిగ్గా తిరగేసి పనిచేస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి ముంబై వెళ్లే బస్సుల దగ్గర ఇలాంటి కౌంటింగ్ పాయింట్ ఒకటుంటే పాలమూరు వలస తగ్గిందా పెరిగిందా అని ప్రతి ఎన్నికకీ కొట్టుకోనక్కర్లేదు. సల్వాజుడుం గొడవల్లో 2005 నుంచి ఛత్తీస్‌గఢ్ వదిలి భద్రాచలం, ములుగు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల సంగతీ అంతే, ఒక్కో ఆఫీసు ఒక్కో లెక్క చెప్తుంది. మనూళ్ల నిర్వాసితుల లెక్క డీటీఎంలో వెతకొద్దు, దొరకదు, ఆయా ప్రభుత్వాలు ఒప్పుకున్న చోటే వీళ్లు పనిచేస్తారు. దేశాల లెక్కలన్నీ కలిపి చూడాలంటే జెనీవాలోనే ఐడీఎంసీ అని వేరే సంస్థ ఉంది, దాని రిపోర్టులో 2023 మణిపూర్ హింసకి సంబంధించి 67 వేల నిర్వాసిత కదలికలు కనబడతాయి, అంటే ఒకే మనిషి రెండుసార్లు కదిలితే రెండుగా లెక్క.

పేరు రాసుకోకపోవడం లోపం కాదా అని నన్నొకరు అడిగారు. నా ఉద్దేశంలో అదే దీని బలం. 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక రిపోర్ట్ ఇచ్చింది, బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలకి రేషన్, గుర్తింపు కార్డుల కోసం ఐరాస శరణార్థి సంస్థ సేకరించిన వివరాలు బంగ్లాదేశ్ ప్రభుత్వం ద్వారా మయన్మార్‌కి చేరాయని, కనీసం 8 లక్షల 30 వేల పేర్లు, ఫొటోలతో, వేలిముద్రలతో. ఎవరి నుంచి పారిపోయారో వాళ్ల చేతికే. అనుమతి తీసుకునే చేశామని ఆ సంస్థ అంటుంది, రిపోర్ట్ మాత్రం చాలామందికి ఆ సంగతే తెలీదంటుంది. మన హైదరాబాద్ బాలాపూర్‌లో ఉండే రోహింగ్యాలు కూడా చేతిలో కార్డు పెట్టుకుని బతికేవాళ్లే, కార్డు లేకపోతే పనవ్వదు, ఉంటే ఎవరి కంట పడుతుందో తెలీదు. అందుకే ఊరికి ఇన్ని కుటుంబాలు అని చెప్పి ఆగిపోయే లెక్కంటే నాకు గౌరవం. అలాగని ఐఓఎం అసలు పేర్లే రాసుకోదనుకోవద్దు, కొన్ని దేశాల్లో బయోమెట్రిక్ రిజిస్ట్రేషన్ కూడా చేస్తుంది, అది ఈ ఊళ్ల లెక్కకంటే వేరే పని, అక్కడ ఇదే ప్రశ్న వాళ్లనీ అడగాలి.

దీనివల్లే ఇంకో పని ఇది చేయలేదు. మీ మనిషి కనబడట్లేదు అనుకోండి, ఈ సైట్లో ఎంత వెతికినా లాభం లేదు. దానికి రెడ్‌క్రాస్ వాళ్ల ఫ్యామిలీ లింక్స్ ఉంది, దేశదేశాల రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సొసైటీలన్నీ అందులో భాగం, మన ఇండియన్ రెడ్‌క్రాస్ కూడా. యూరప్ వైపు వెళ్లి తప్పిపోయినవాళ్ల కోసం ట్రేస్ ద ఫేస్ అని పెట్టారు, అందులో వెతికేవాళ్ల ఫొటో ఉంటుంది, పేరుండదు, నాన్నని వెతుకుతున్నా, చెల్లెల్ని వెతుకుతున్నా అని మాత్రమే రాసుంటుంది. ఇక దారిలో చనిపోయినవాళ్ల లెక్క ఐఓఎం వాళ్లే మిస్సింగ్ మైగ్రెంట్స్ ప్రాజెక్ట్ కింద 2014 నుంచి రాస్తున్నారు, 2013 అక్టోబర్లో లాంపెడూసా దగ్గర పడవ మునిగి 360 మందికి పైగా పోయాక మొదలైంది అది. 2024లో కనీసం 8,938 మంది.

సైటు వాడకం గురించి. దేశం పేరు మీద నొక్కితే రిపోర్టులు, డేటాసెట్లు వస్తాయి, ఎక్సెల్ ఫైళ్లే, భయపడక్కర్లేదు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకి ఏపీఐ ఉంది, పైథాన్ ప్యాకేజీ కూడా ఇచ్చారు, దేశం, రాష్ట్రం, జిల్లా స్థాయి దాకా వస్తుంది, అంతకంటే లోపలికి వెళ్లాలంటే ఎందుకో చెప్పి అడగాలి, అది న్యాయమే. అదే డేటా హెచ్‌డీఎక్స్ అనే ఐరాస సైట్లో కూడా దొరుకుతుంది, నాకు అక్కడే వెతకడం సులువు అనిపిస్తుంది. రిపోర్టులు ఇంగ్లిష్, ఫ్రెంచ్, అరబిక్ లాంటి భాషల్లో ఉంటాయి, తెలుగు గిలుగు ఆశించకండి.

ఇక కోసిన మార్కు. మొదటిది డబ్బు. ఈ లెక్కింపంతా దాతల దేశాల గ్రాంట్ల మీద నడుస్తుంది. 2025 మొదట్లో అమెరికా సాయం ఆపేశాక ఐఓఎంకి ఆ ఏడాది నిధులు 30 శాతం తగ్గుతాయని, 6,000 మందికి పైగా ఉద్యోగుల మీద దెబ్బ పడుతుందని వాళ్లే ప్రకటించారు. రౌండ్ ఆగిపోతే నంబర్ సున్నా అవ్వదు, పాతదే అలా స్క్రీన్ మీద ఉండిపోతుంది, చూసేవాడికి అది ఇవాళ్టిదే అనిపిస్తుంది. కాబట్టి ఏ ఫైలు తీసినా ముందు సర్వే తేదీ చూడండి, టైటిల్ తర్వాత చూడొచ్చు. రెండోది ఇంకా కష్టమైనది, ఫ్లో మానిటరింగ్‌కి డబ్బులిచ్చే యూరప్ దేశాలకి ఆ మనుషులకి నీళ్లు అందాయా అన్నదానికంటే ఎంతమంది మనవైపు వస్తున్నారు అన్నదే ముఖ్యం అనే విమర్శ ఎప్పటినుంచో ఉంది, నాకూ అందులో నిజం కనబడుతుంది. లిబియాలో ఏ దారిలో ఎక్కువ మంది వస్తున్నారో చెప్పే మ్యాపు డాక్టర్‌కీ పనికొస్తుంది, కోస్ట్‌గార్డ్‌కీ పనికొస్తుంది. దానికి సైటు డిజైన్‌లో మందు లేదు.

జర్నలిజం, జాగ్రఫీ, డేటా పని చేసేవాళ్లు తప్పకుండా వాడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సుడాన్ జోలికి వెంటనే వెళ్లకండి, అప్‌డేట్లు మీద పడతాయి. ఇరాక్ మాస్టర్ లిస్ట్ తీసుకోండి, బయట ఉండిపోయినవాళ్లది ఒక ఫైలు, తిరిగొచ్చినవాళ్లది ఇంకో ఫైలు. జిల్లా, ఊరు, కుటుంబాలు, ఏ రకం ఇంట్లో ఉంటున్నారు, ఎక్కడినుంచి వచ్చారు అన్నీ కాలమ్స్‌గా ఉంటాయి. మనుషుల కాలమ్‌ని కుటుంబాల కాలమ్‌తో భాగించి చూడండి, 6 వస్తుంది, అప్పుడు పైన నేను రాసింది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ తర్వాత కూలిన ఇళ్లలో ఉంటున్నవాళ్లని మాత్రం ఫిల్టర్ చేసి మ్యాపు మీద వేయండి, మోసుల్ చుట్టూ ఏం కనిపిస్తుందో చూసి కింద కామెంట్లో చెప్పండి.